తూము కాడ నిలబడుడా, ఇంటికి పోయి పండుడా?

మొన్న రాత్రి పదకొండు గొట్టంగ ఫోన్ మోగింది. చేసింది మా బాన్సువాడ దిక్కు పిలగాడు. బీటెక్ అయిపోయి హైదరాబాద్‌ల కొలువుల చేరి ఆర్నెల్లయితుంది. "అన్నా, బోర్డు మొత్తం ఆగిపోయింది. తెర నిండ ఏందేందో రాసి గట్లనే నిలబడ్డది" అన్నడు. మొదటి లైను చదువుమన్న. "బగ్: షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అని చదివిండు.

ఆ ఒక్క లైను ఇన్నంక మిగిలింది అడిగే పని లేదు. "ఇంటరప్ట్‌ల మ్యూటెక్స్ పెట్టినవా తమ్మీ?" అన్న.

"పెట్టిన అన్నా. వారం సంది మంచిగనే నడిచింది. ఇప్పుడు అది తీసేసి స్పిన్‌లాక్ పెట్టాల్నా?"

"పెట్టకు. ఇంకింత ఖరాబయితది. ముందుగాల నాకో మాట చెప్పు. మీ పొలం కాల్వ కిందనే గదా. వంతు రాకముందే తూము కాడికి పోతె ఏం చేస్తవు?"

అవుతల కొంచెం సేపు సప్పుడు లేదు. రాత్రి పదకొండు గంటలకు బోర్డు గురించి అడిగితె ఈయన పొలం ముచ్చట తీసిండేందని అనుకున్నడో ఏమో. ఆ రాత్రి గంటన్నర మాట్లాడినం. అదే ఇక్కడ రాస్తున్న. మా దిక్కు నుంచి పోయి కెర్నల్ పని, డ్రైవర్ల పని చేసే పిలగాండ్లు ఇప్పుడు మస్తుగున్నరు. తాళాల గురించి వాళ్లకు చెప్పేటోళ్లు ఇంటర్వ్యూల గట్టెక్కేటంతనే చెప్తున్నరు.

ముందు మా నీళ్ల సంగతి. మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు 1923ల మొదలుపెడితె 1931ల అయిపోయింది. కట్టిచ్చిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన రోజు జులై 11నే తెలంగాణ ఇంజినీర్ల దినంగ చేసుకుంటున్నం. కొత్తల 29 టీఎంసీలకు పైన పట్టిన చెరువు, పూడిక వడీ వడీ 17.8 టీఎంసీలకు దిగింది. కింద ఆయకట్టు చూస్తె 2 లక్షల 31 వేల ఎకరాలు. నీళ్లు తక్కువ, పొలాలు ఎక్కువ. అందుకే వంతులు పెడ్తరు. ఈ కాల్వకు ఇన్ని దినాలు, మల్ల ఇన్ని దినాలు బందు. షట్టర్ తిప్పేది లస్కర్.

మా బాపుకు చివరి ఆయకట్టుల రెండెకరాలు. యాసంగిల వంతు కోసం ఎదురుచూసేటోళ్లను చిన్నప్పటి సంది చూసిన. వాళ్లల్ల రెండు రకాలు. ఒకాయన టార్చిలైటు పట్టుకొని తూము కాడనే నిలబడ్తడు. అవుతలోని మడి నిండంగనే ఈయన మడికి నీళ్లు మళ్లాలె, ఒక్క గడియ సుత పోవద్దు. ఇంకొకాయన "నిండినంక పిలువుండ్రి" అని చెప్పి ఇంటికి పోయి పంటడు. ఎవరన్న పోయి లేపితె లేచి, చెప్పులేసుకొని, గట్టు మీద నడుచుకుంట వస్తడు. ఎవరు తెలివైనోడు? అవుతలోని మడి ఐదు నిమిషాలల్ల నిండుతదంటె నిలబడ్డోడు తెలివైనోడు. తెల్లారేదాక నిండదంటె పండినోడు తెలివైనోడు. నిలబడ్డోడు రాత్రంత ఒక్క పనీ చెయ్యకుండ దోమలతోటి కొట్లాడిండు గంతే.

నిలబడేది స్పిన్‌లాక్. ఇంటికి పోయి పండేది మ్యూటెక్స్.

కెర్నల్ అంటే ఎరికలేనోళ్లకు రెండు మాటలు. మీ జేబుల ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున లినక్స్ అనే కెర్నల్ ఉంటది. తెర, బ్యాటరీ, సిమ్, కెమెరా, అన్ని యాప్‌లు, అందరికీ పంపకం చేసే పెద్దమనిషి అది. ఇయ్యాల రేపు ఒక్కో చిప్పుల నాలుగు, ఎనిమిది కోర్లు ఉంటయి. అంటే ఒక్కటే ఖాతా పుస్తకం మీద ఎనిమిది మంది గుమాస్తాలు ఒక్కసారే రాస్తున్నరు. పుస్తకంల 500 ఉన్నదనుకో. ఇద్దరూ 500 అని చదువుకుంటరు, ఇద్దరూ 100 కలుపుతరు, ఇద్దరూ 600 అని రాస్తరు. 700 ఉండాల్సిన కాడ 600 ఉంటది, వంద పోయింది. దొంగ ఎవడూ లేడు. అందుకే పుస్తకానికి తాళం. ఒకరు రాస్తుంటే ఇంకొకరు ఆగాలె. ఎట్ల ఆగాలె అన్న కాడనే రకాలన్ని పుట్టినయి.

మా పిలగాడు చిక్కింది ఏడ అంటే, తూము కాడికి మూడో రకం మనిషి సుత వస్తడు. ఆయనకు ఇల్లే లేదు. అదే ఇంటరప్ట్. సెన్సార్‌కో నెట్‌వర్క్ కార్డుకో పని పడితె అది చెయ్యి లేపుతది. కోరు చేస్తున్న పని చేస్తున్నట్టే ఇడిసిపెట్టి అటు ఉరుకుతది. ఇంకొకని కుర్చీల కూసోని రెండు నిమిషాలు పని చేసి లేచిపొయ్యే మనిషిని "పోయి పండు, తర్వాత లేపుత" అంటే ఏడ పంటడు? కెర్నల్‌ల నిద్రపుచ్చాలంటె ఒక ప్రాసెస్ ఉండాలె, లేపినంక మల్ల నడవనీకె దానికంటూ ఒక లెక్క ఉండాలె. ఇంటరప్ట్‌కు అదేదీ లేదు. తాళం ఖాళీగ ఉన్నన్ని దినాలు మ్యూటెక్స్ సుత గమ్మున తీసుకొని పోయింది, అందుకే పిలగానికి వారం దినాలు మంచిగ నడిచింది. ఇంకొకని చేతుల తాళం ఉన్న గడియల ఇంటరప్ట్ వచ్చింది, మ్యూటెక్స్ "పోయి పండు" అన్నది, కెర్నల్ బొబ్బ పెట్టింది.

మరి స్పిన్‌లాక్ ఎందుకు వద్దన్న? ఆయన తాళం పెట్టుకొని లోపల చేస్తున్న పని ఏందంటె, ఐ2సీ అనే సన్న తీగ మీద సెన్సార్‌తోటి మాట్లాడుడు. దానికి మిల్లీసెకన్లు పడ్తయి. ఒక గిగాహెర్ట్జ్ కోరుకు ఒక్క మిల్లీసెకను అంటే పది లక్షల టిక్కులు. అంతసేపు ఇంకో కోరును తూము కాడ నిలబెట్టుడే తప్పు. అంతకన్న పెద్ద తప్పు, ఐ2సీ ముచ్చట నడుమ కెర్నల్ తనంతట తానే నిద్రపోతది. స్పిన్‌లాక్ చేతుల పట్టుకొని నిద్రపోవుడు కుదరదు. మల్ల అదే లైను తెర మీదికొస్తది. అందుకే ఇంటరప్ట్‌ను "వచ్చిన" అని చెప్పి పోనియ్యి, అసలు పని ఒక థ్రెడ్‌కు అప్పజెప్పు అన్న. థ్రెడ్‌కు ఇల్లుంటది, పంటది, లేస్తది. ఆడ మ్యూటెక్స్ ఉన్నది ఉన్నట్టే సరిపోతది. లినక్స్‌ల ఈ ఏర్పాటు 2009 సంది ఉన్నది. తాళం మార్చాల్సిన పనే లేకపాయె, పని చేసే మనిషిని మార్చినం.

ఇంత చెప్పేటోన్ని, నేను చేసిన ఘనకార్యం సుత చెప్పాలె గదా.

కొలువుల చేరిన మూడో ఏడు. పాల శీతలీకరణ కేంద్రాలల్ల పెట్టే చిన్న డబ్బా మీద పని. ట్యాంకుల పాలు 4 డిగ్రీల కాడ ఉండాలె. ఎక్కువైతె డబ్బా సైరన్ మోగియ్యాలె, ఆపరేటర్ ఫోన్‌కు మెసేజ్ కొట్టాలె. డబ్బాల రెండు కోర్లు. సెన్సార్ చిప్పు ఇంటరప్ట్ కొడితె నా డ్రైవర్ ఆ అంకెను ఒక వరుసల పెడ్తది, అలారం ప్రోగ్రామ్ వచ్చి ఆ వరుసలకెళ్లి తీసుకపోతది. పెట్టేటప్పుడు తాళం, తీసేటప్పుడు తాళం. ఇంటరప్ట్ నిద్రపోదని నాకు ఎరుకే, అందుకే స్పిన్‌లాకే పెట్టిన. పట్టుకునేది సుత మైక్రోసెకన్ల లెక్కనే. పుస్తకం ప్రకారం అంతా కరెక్టు.

గాని స్పిన్‌లాక్‌ల సుత రకాలున్నయి. నేను ఉత్త రకం పెట్టిన.

ఏమయితదో తూము కాడ చూద్దాం. నువ్వు చేతుల తాళంచెవి పట్టుకొని నీళ్లు మళ్లిస్తున్నవు. అంతల గడ్డివాము అంటుకున్నదని కేక. ఆర్పెటందుకు ఉరికేటోడు సుత నువ్వే, ఎందుకంటే ఆ పొద్దు ఆడున్నది నువ్వొక్కనివే. మంట ఆర్పాలంటె గదే తూము కావాలె. తూముకు తాళం ఉన్నది. తాళంచెవి పట్టుకున్నోడు వచ్చేదాక నిలబడ్డవు. ఆ పట్టుకున్నోడు నువ్వే. నువ్వు ఈడికెళ్లి కదిలితె గాని ఆయన రాడు, ఆయన వస్తె గాని నువ్వు కదలవు.

అలారం ప్రోగ్రామ్ ఒకటో కోరు మీద తాళం పట్టుకొని ఉన్నప్పుడు ఇంటరప్ట్ సున్నా కోరు మీదికొస్తె ఏం కాదు. అది కండ్లు మూసి తెరిచేలోపల తాళం ఖాళీ అయితది. అదే కోరు మీదికొస్తె మాత్రం అయిపోయినట్టే. మా బల్ల మీద ప్రోగ్రామ్ ఎక్కువ సేపు ఒకటో కోరు మీదనే నడిచింది, ఇంటరప్ట్‌లు సున్నా కోరుకు వచ్చినయి. టెస్టులు అన్ని పాస్. ఎనిమిది నెలలు ఎక్కడా మాట రాలే.

ఎండకాలం ఒక రాత్రి ఒక కేంద్రంల కరెంటు పోయింది, జనరేటర్ ఎత్తుకోలే. సైరన్ మోగాలె గదా, మోగలే. డబ్బా అంతకు రెండు గంటల ముందే ఆగిపోయి ఉన్నది. ఇసొంటి డబ్బాలల్ల వాచ్‌డాగ్ అని ఒక కాపలా చిప్పు ఉంటది, ఎవరన్న దానికి టైముకు బువ్వ పెట్టకపోతె డబ్బాను మల్ల మొదటికెళ్లి లేపుతది. దానికి బువ్వ పెట్టే ప్రోగ్రామ్ ఒకటో కోరు మీద సల్లగ నడుస్తనే ఉన్నది. సున్నా కోరు సచ్చిందని దానికెట్ల తెలుస్తది? తెల్లారి చూస్తె ట్యాంకుల పాలన్ని ఇరిగినయి. ఆ పొద్దుమీకి పాలు పోసినోళ్లల్ల రెండు బర్ల మీద బతికే ముసలమ్మ సుత ఉన్నదని సర్వీస్‌కు పోయిన పిలగాడు వచ్చి చెప్పిండు. ఆ పూట పైసలు ఎవరికీ రాలే. ఆ మాట ఇప్పటికి సుత నాకు పొద్దుగాల చాయ తాగంగ యాదికొస్తది.

దిద్దుబాటు ఎంతంటె, రెండు లైన్లు. తాళం పట్టుకున్నంత సేపు ఆ కోరు మీదికి ఇంటరప్ట్ రాకుండ ఆపే రకం ఒకటున్నది, స్పిన్ లాక్ ఐఆర్‌క్యూసేవ్ అని. తాళం తీసుకునే ముందు ఇంటరప్ట్‌ల తలుపు వేసి ఉన్నదా తెరిచి ఉన్నదా యాదుంచుకుంటది, ఇడిసేటప్పుడు తలుపును మల్ల గట్లనే పెడ్తది. పట్టుకునే కాడ ఒక లైను, ఇడిసే కాడ ఒక లైను.

నాకు కోపం వచ్చింది ఆ రెండు లైన్ల మీద కాదు. లినక్స్‌ల లాక్‌డెప్ అని ఒక పరికరం ఉన్నది. ఇంగో మోల్నార్ రాసిండు, 2006ల 2.6.18 కెర్నల్‌ల చేరింది. అది ప్రమాదం జరిగేదాక ఆగదు. ప్రతి తాళం ఎప్పుడెప్పుడు, ఏ పరిస్థితిల తీసుకున్నరో రాసుకుంటది. "ఈ తాళం ఒకసారి ఇంటరప్ట్‌ల తీసుకున్నరు. ఇదే తాళం ఇంకోసారి ఇంటరప్ట్‌ల తలుపు తెరిచి ఉండంగ తీసుకున్నరు." ఈ రెండూ ఒక్కోసారి కనవడ్తె చాలు, ఆ రెండు ఒక్క కోరు మీద ఎన్నడూ కలవకపోయినా సరే, పంచాయితి పెడ్తది. మా బల్ల మీద బోర్డుల అది ఆన్ చేసి చూసిన. బోర్డు లేచిన పది నిమిషాలల్ల నా తప్పు తెర మీద పెట్టింది. ఎనిమిది నెలల ముందే పెట్టేది. అది ఆన్ ఉంటె బోర్డు నిదానంగ నడుస్తదని బందు చేసింది ఎవరో కాదు, నేనే. అమ్మకానికి పొయ్యే డబ్బాల బందు ఉండాలె, నిజమే. బల్ల మీద ఎందుకు బందు చేసిన అంటే నా కాడ ఇప్పటికీ జవాబు లేదు.

ఇట్ల తనకోసం తానే నిలబడే తప్పు నాలాంటి కొత్తోడే చేస్తడని అనుకోవద్దు. 2008 డిసెంబర్ 31న ప్రపంచ గడియారానికి ఒక లీప్ సెకను కలిపిన్రు. మన దగ్గర జనవరి 1 పొద్దుగాల ఐదున్నర కావస్తున్న గడియ. ఆ సెకనుల కొన్ని లినక్స్ సర్వర్లు నిలబడ్డ కాడనే నిలబడిపోయినయి. కారణం ఏందంటె, టైము మార్చెటందుకు కెర్నల్ టైము తాళం పట్టుకున్నది. పట్టుకొని "లీప్ సెకను కలుపుతున్న" అని ఒక మెసేజ్ రాసింది. మెసేజ్ రాసుడు అంటే లాగ్ రాసే ప్రోగ్రామ్‌ను లేపుడు. లేపాలంటె షెడ్యూలర్‌కు ఇప్పుడు టైము ఎంతయిందో కావాలె. టైముకు తాళం ఉన్నది. తాళం పట్టుకున్నోడు మెసేజ్ రాస్తున్నడు. తాళం రకం మంచిదే, లోపల చేసిన ఒక్క పని మంచిది కాదు. తాళం పట్టుకొని నువ్వు పిలిచే ప్రతి ఫంక్షన్ ఇంకెవరిని పిలుస్తదో ఎరికుండాలె అంటే గిందుకే.

నిద్రపొయ్యే తాళాలల్ల సుత ఏది తీసుకోవాలె అన్న లొల్లి ఉంటది. 1997 జులై 4న మార్స్ మీద దిగిన పాత్‌ఫైండర్ ముచ్చట చాలా మంది ఇనే ఉంటరు. దిగిన కొన్ని దినాలకు దాని కంప్యూటర్ మాటిమాటికి రీసెట్ అయ్యుడు మొదలుపెట్టింది. వాతావరణం కొలిచే చిన్న పని తాళం పట్టుకున్నది. అదే తాళం కోసం పెద్ద ముఖ్యమైన పని ఎదురుచూస్తున్నది. నడిమి స్థాయి పని ఒకటొచ్చి చిన్నదాన్ని పక్కకు జరిపి గంటల లెక్కన కోరు మీద కూసున్నట్టు కూసున్నది. చిన్నది కదలకపోతె తాళం రాదు, తాళం రాకపోతె పెద్దది కదలదు. వాచ్‌డాగ్ చూసి రీసెట్ కొట్టింది. ఆ వీఎక్స్‌వర్క్స్ మ్యూటెక్స్‌ల దీనికి మందు ముందే ఉన్నది. పెద్దది ఎదురుచూస్తున్నంత సేపు తాళం పట్టుకున్న చిన్నదానికి పెద్దదాని హోదా ఇచ్చే ఆప్షన్, ప్రయారిటీ ఇన్హెరిటెన్స్. తయారు చేసినప్పుడు అది ఆఫ్‌ల ఉండిపోయింది. భూమి మీదికెళ్లి ఆన్ చేసిన్రు, తిప్పలు తప్పింది.

ఇగ న్యాయం సంగతి. చివరి ఆయకట్టోన్ని కాబట్టి ఇది నాకు ఇష్టమైన ముచ్చట. పాత లినక్స్ స్పిన్‌లాక్‌ల వంతు లేదు. తాళం ఖాళీ అయితె ఎవరి చెయ్యి ముందు పడితె వాళ్లది. తాళం ఉన్న మెమొరీకి దగ్గర ఉన్న కోరు చెయ్యే ఎప్పుడూ ముందు పడేది. దూరంగ ఉన్నది ఎండిపోయేది. తూముకు ఆనుకొని పొలం ఉన్నోడు మొదలు తడుపుకున్నట్టు, నాలుగు కిలోమీటర్ల అవుతలున్న మా బాపు కాల్వల చెయ్యి పెట్టి చూసినట్టు. 2008ల 2.6.25 కెర్నల్‌ల నిక్ పిగ్గిన్ టికెట్ స్పిన్‌లాక్ పెట్టిండు. రాంగనే టోకెన్ తీసుకో, నీ నంబర్ వచ్చినప్పుడే పో. న్యాయం అయితె వచ్చింది గాని అందరూ ఒక్కటే నంబర్ బోర్డు దిక్కు చూసుకుంట నిలబడుడుతోటి, కోర్లు ఎక్కువున్న పెద్ద మిషిన్లల్ల ఆ చూపులకే తొవ్వ నిండిపోయింది. 2015ల 4.2 కెర్నల్‌ల క్యూ స్పిన్‌లాక్ వచ్చింది. ఎవరి ముందటోని వీపు వాళ్లు చూస్తె చాలు, ముందటోడు పోంగ భుజం తడుతడు. లైను అదే, తొక్కులాట లేదు.

చదివేటోళ్లు మస్తు, రాసేటోళ్లు తక్కువ ఉన్న కాడ సంగతి వేరే. గేజ్ బోర్డు మీద నీటిమట్టం చూసేటోళ్లు నూరు మంది ఉంటరు, మార్చేటోడు ఒక్కడు. నూరు మందిని లైన్ల నిలబెట్టి ఒక్కొక్కరికి తాళం ఇచ్చుడు ఎందుకు? అందుకే రీడర్-రైటర్ లాక్ అని ఒకటున్నది. ఇంటర్వ్యూలల్ల అందరూ దీన్నే మెచ్చుకుంటరు. నా లెక్క వేరే. చదివేటోడు సుత "నేను లోపలికొచ్చిన" అని ఒక లెక్కల గీత గీయాలె, పోంగ చెరపాలె. గీసేది రాతే గదా. ఆ ఒక్క లెక్క కోసం కోర్లన్ని కొట్లాడుకుంటయి. లోపల చదివే పని బాగ పొడుగు ఉంటె తప్ప మామూలు స్పిన్‌లాకే నయమని కెర్నల్ వాళ్ల సొంత డాక్యుమెంటేషనే చెప్తది.

టైము లాంటి చిన్న అంకెలకు సీక్‌లాక్. బోర్డుకు ఒక మూలకు వరుస నంబర్ ఉంటది, రాసేటోడు మొదలుపెట్టంగ ఒకటి, అయిపోంగ ఒకటి పెంచుతడు. చదివేటోడు తాళం గీళం ఏం పట్టడు. ముందు ఆ నంబర్ చూసి, మట్టం చదివి, మల్ల నంబర్ చూస్తడు. నంబర్ మారినా, బేసి సంఖ్య ఉన్నా, నడుమ ఎవడో చెయ్యి పెట్టిండన్నట్టు. మల్ల చదువుతడు.

పెద్ద లిస్టులకు ఆర్‌సీయూ. వంతుల లిస్టు గోడకు అతికిచ్చి ఉన్నదనుకో. మార్చాలంటె దాని మీద కొట్టివేతలు చెయ్యరు. కొత్త కాగితం రాసి పక్కన పెట్టి, ఒక్క దెబ్బల "లిస్టు ఇది" అని చూపుడు వేలు దాని మీదికి మారుస్తరు. అప్పటికే పాత కాగితం చదువుతున్నోళ్లు ఉంటె చదువనియ్యి. వాళ్లందరు పోయినంక పాతది చింపుతరు. చదివేటోనికి ఖర్చు లేనట్టే. 2002ల 2.5.43 కెర్నల్‌ల ఇది చేరింది. పాల్ మెకెన్నీ పేరు అందరికీ ఎరుకే గాని, లినక్స్‌ల దీన్ని నిలబెట్టినోళ్లల్ల ఐబీఎం ఇండియాల పనిచేసిన దీపాంకర్ శర్మ సుత ఉన్నడు. ఒక్క షరతు. కాగితం చదువుకుంట పండుకోవద్దు. మామూలు ఆర్‌సీయూల చదివేటోడు నిద్రపోతె పాతది ఎప్పుడు చింపాలెనో లెక్క తప్పుతది. మల్ల అదే సవాల్ ముందటికొచ్చింది చూడుండ్రి, పండొచ్చా, పండొద్దా?

అసలు తాళమే వద్దనుకుంటె ఎవని బాయి వానికి. ప్యాకెట్లు ఎన్ని వచ్చినయి లాంటి లెక్క ఉంటె, ప్రతి కోరుకు సొంత లెక్క పెట్టి, ఎవరన్న అడిగినప్పుడే అన్ని కలిపి చెప్పొచ్చు. తాళం రకం గురించి కొట్లాడే ముందు ఈ తొవ్వ ఉన్నదా లేదా చూడాలె. చాలా సార్లు ఉంటది.

మొత్తం ప్రాజెక్టుకు ఒక్కటే షట్టర్ పెడితె ఏమయితదో సుత లినక్స్ చూసింది. 1996ల 2.0 కెర్నల్ ఒకటి కన్న ఎక్కువ ప్రాసెసర్లతోటి నడుసుడు మొదలైనప్పుడు బిగ్ కెర్నల్ లాక్ అని ఒక్క పెద్ద తాళం పెట్టిన్రు. ఎవరు కెర్నల్‌ల అడుగు పెట్టినా అదే. అప్పటికి సరైనదే, రెండు ప్రాసెసర్లకు ఎక్కువ ఉన్న మిషిన్లు ఎన్నుండె? దాన్ని పూర్తిగ తీసేసింది 2011ల, 2.6.39 కెర్నల్‌ల. పదిహేనేండ్లు పట్టింది. ఎందుకు పట్టిందంటె, ఆ తాళం ఏ డేటాను కాపాడుతుందో ఎక్కడా రాసి లేదు. ఒక్కో మూలకు పోయి, తీస్తె ఏం కూలుతదో చూసి, చిన్న తాళం పెట్టి, ముందటికి జరగాలె. తాళం కాపాడేది కోడును కాదు, డేటాను. స్ట్రక్చర్‌ల తాళం పక్కన "ఇది ఈ మూడు ఫీల్డులకు" అని ఒక్క కామెంట్ రాస్తె వెనుకొచ్చేటోనికి ఏండ్లు మిగులుతయి.

పేరు చూసి తాళాన్ని నమ్ముడు సుత ఇప్పుడు కుదరదు. రియల్‌టైమ్ పని కోసం ఏండ్ల సంది బయట తిరిగిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ, 2024 నవంబర్‌ల వచ్చిన 6.12తోటి అసలు లినక్స్‌ల కలిసింది. అది ఆన్ చేస్తె మామూలు స్పిన్‌లాక్ అన్న పేరున్నది సుత లోపల నిద్రపోతది. నిజంగ నిలబడేది కావాలంటె రా స్పిన్‌లాక్ అని అడగాలె. మ్యూటెక్స్ దిక్కు చూస్తె అది సుత 2009 సంది పూర్తిగ పండే రకం కాదు. తాళం పట్టుకున్నోడు ఇంకో కోరు మీద నడుస్తనే ఉన్నడంటె, ఇప్పుడే ఇడుస్తడని కొంచెం సేపు నిలబడి చూస్తది. మా ఊర్లె తెలివైనోళ్లు గట్లనే చేస్తరు. అవుతలోడు పార పట్టుకొని మడిల ఉన్నడా, లేక గట్టు మీద కూసోని బీడీ తాగుతున్నడా చూసి, ఉండుడో పోవుడో తేల్చుకుంటరు.

కోచింగ్‌లల్ల "మ్యూటెక్స్‌కు, సెమాఫోర్‌కు తేడా ఏంది" అని బట్టీ పట్టిస్తరు. మ్యూటెక్స్ పట్టుకున్నోడే ఇడవాలె, సెమాఫోర్ ఎవరైనా ఇడవొచ్చు. కరెక్టే. గాని ఆ తేడా చెప్పినోడు నా పాల డబ్బా తప్పును పడ్తడా? నేను ఇంటర్వ్యూ చేస్తె తేడాలు అడుగను. ఇరవై లైన్ల డ్రైవర్ ముందట పెట్టి, ఈ తూము కాడికి ఎవరెవరు వస్తరు, వాళ్లల్ల ఎవరికి ఇల్లుంది, ఎవరికి లేదు అని అడుగుత. మొదటిసారి అడిగితె అందరూ నా మొఖం దిక్కు చూస్తరు, ఇల్లేందని. మా దిక్కు పిలగాండ్లు జర తొందరగ అందుకుంటరు. ఇది ప్రాంతాభిమానమే అనుకోండి.

తెల్లారి పొద్దుమీకి పిలగాడు మెసేజ్ పెట్టిండు. పని థ్రెడ్‌కు జరిపిండు, మ్యూటెక్స్ ఉన్న కాడనే ఉన్నది, బోర్డు నడుస్తుంది. లాక్‌డెప్ ఆన్ చేయుమన్న గదా, అది సుత చేసిండు. అది ఇంకోటి చూపెట్టింది. రెండు తాళాలు ఒక కాడ ముందొకటి వెనుకొకటి, ఇంకో కాడ తిరగేసి పట్టుకున్నరు. ఇద్దరు చెరొక తూము పట్టుకొని అవుతలోని తూము కోసం చూసుకుంట కూసునే రకం. అది ఆయన కోడు కాదు. ఆయన టీం లీడ్ ఎన్నడో రాసింది.

"సార్‌కు ఎట్ల చెప్పాలె అన్నా?"

"నువ్వేం చెప్పకు తమ్మీ. లాగ్ ఉన్నది ఉన్నట్టు పంపు."